దవాఖాన బెంచి

నిద్ర పట్టకపోవడానికి కారణం బెంచియా, బెంచి మీద కూర్చున్నవాళ్లా, లేక ఆ బెంచిని పట్టుకొచ్చిన భార్య మమతా అన్నది ఎల్లేశ్‌కు దుప్పటి కింద ఎంతకీ తేలడం లేదు. పొద్దున పదకొండయింది. కిటికీ అవతల అరుగు మీద ఎవరో దగ్గుతున్నారు. దగ్గు తగ్గగానే మోకాలి నొప్పి మొదలైంది. అది ఇంకొకరిది.

రాత్రంతా మాదాపూర్ నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలను ఇళ్ల దగ్గర దింపి, తెల్లారి మొయినాబాద్ చేరే మనిషికి పగలే రాత్రి. మొన్న బండి నడుపుతుంటే కన్ను మూతపడింది. వెనక సీటులో అమ్మాయి కేక పెట్టింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి ఇట్లయితే తాళాలు ఇచ్చేసి పొమ్మన్నాడు సూపర్‌వైజరు. అంటే ఈ పగటి నిద్రే ఇప్పుడు ఎల్లేశ్ ఉద్యోగం.

"మమతా!"

ఆమె తలుపు సందులోంచి తొంగి చూసింది. "ఇంక పండుకోలేదా?"

"ఎట్ల పండుకోవాలె? బయట దవాఖాన నడుస్తున్నది."

"ఇద్దరే ఉన్నరు."

"ఇద్దరైనా ఇరవైమందైనా దగ్గు దగ్గే. ఇది దవాఖాన కాదని చెప్పరాదు?"

"చెప్తనే ఉన్న. ముందుగాల ఏమైందో అడిగి, అటెన్క చెప్తున్న."

చేవెళ్ల రోడ్డు మీద సాలోమోను పాత సామాన్ల దుకాణం పెట్టినప్పటి నుంచి మమతకు ఇదే పని. మొదట మంగలి షాపు కుర్చీ తెచ్చింది, మెత్తగా ఉందని. మూడో రోజు ఎల్లేశ్ నిద్ర లేచి వచ్చేసరికి అందులో ఒక పెద్దమనిషి గడ్డం తడుపుకొని, మెడ వెనక్కి వాల్చి ఉన్నాడు. "గీసేటోడు వచ్చిండా?" అన్నాడు కళ్లు తెరవకుండానే. తర్వాత, మూతపడ్డ ఎస్‌టీడీ బూతు తాలూకు అద్దాల డబ్బా. బట్టలు పెట్టుకుంటనన్నది. ఆ వారం ముగ్గురు రూపాయి బిళ్లలు పట్టుకొని వచ్చారు. ఒకతను మమత చీరల మధ్య ఫోను కోసం వెతికాడు కూడా.

ఇప్పుడు ఈ బెంచి. ఎత్తేసిన దవాఖానది. తెల్ల రంగు, వీపు ఆనే చెక్క మీద ఎర్రటి ప్లస్సు గుర్తు. బస్సు దిగినవాళ్లకు అది కనిపిస్తే చాలు, వచ్చి వరసగా కూర్చుంటున్నారు.

"ఆ గుర్తు మీద జర రంగెయ్యరాదు?"

"వేస్త."

"వారం సంది వేస్తనే అంటున్నవు. దొంగ డాక్టరని రేపు పోలీసులు పట్టుకపోతే నేను రాను విడిపించనీకి."

"నువ్వేడికొస్తవు? పండుకుంటవు," అంది మమత. నవ్వుతూనే అంది. ఆ నవ్వు ఎల్లేశ్‌కు సగమే కనిపించింది. వెలుగు పడితే అతనికి నిద్ర రాదని అప్పటికే తలుపు దగ్గరికి వేసేసింది.

కళ్లు మూసుకున్నాడు. తామిద్దరూ బెంచి గురించి కాకుండా చివరిసారి మాట్లాడుకున్నది దేని గురించి? అద్దాల డబ్బా గురించి. అంతకు ముందు? కుర్చీ గురించి. అంతకు ముందు ఏమిటో ఎంత వెనక్కి వెళ్లినా దొరకలేదు. సాయంత్రం ఐదుకు ఆమె నిండు టిఫిన్ డబ్బా అతని చేతికిస్తుంది. పొద్దున ఆరుకు అతను ఖాళీ డబ్బా ఆమె చేతికిస్తాడు. దీన్ని గొడవ అనడానికి లేదు. గొడవ పడాలంటే ఇద్దరూ ఒకేసారి మేలుకొని ఉండాలి.

"అప్పుడు మీ కోడలు ఏమన్నదవ్వా?" బయట మమత అడుగుతోంది.

దగ్గుకూ కోడలికీ ఏమిటి సంబంధం? అతను దిండు చెవి మీదికి లాక్కున్నాడు. దిండు కిందికి కూడా వస్తోంది ఆ గొంతు. తొందర లేని గొంతు. ఆమెకు అలాంటిదొకటి ఉందనే అతను మరిచిపోయాడు.

ఒంటిగంట దాటాక, "నువ్వు కూసో అవ్వా, నేను గిర్నీకి పోయి జొన్నలు పట్టించుకొస్త," అన్న మాటా, గేటు చప్పుడూ వినిపించాయి.

ఎల్లేశ్ లేచాడు. ఆమె వచ్చేలోపు బెంచిని ఇంటి వెనక్కి లాగేసి, ఆ గుర్తును గోడవైపు తిప్పేస్తే పీడ విరగడవుతుంది. తలుపు తీయగానే ఎండ కళ్లలో కొట్టింది. బెంచి చివర ఒక్క ముసలామె మిగిలి ఉంది, ఒళ్లో చేతిసంచితో.

"జర లే అవ్వా. బెంచి తీస్తున్న. ఇది దవాఖాన కాదు."

"ఎరుకే బిడ్డా."

"ఎరుకనా?"

"మొదటినాడే ఎరుక. మా ఆలూరోళ్లకు అందరికీ ఎరుకే. డాక్టరు అవతలి సందుల ఉన్నడు. సూదేసి పంపుతడు, తల కూడ ఎత్తడు. ఈ పిల్ల కండ్లల్ల చూసి అడుగుతది, ఏమైంది అంతమ్మవ్వా అని. అందుకే బస్సు దిగి సీదా ఈడికొస్త."

ఎల్లేశ్ బెంచి అంచు పట్టుకునే నిలబడ్డాడు. "అడిగితే అడిగింది. గంటలు గంటలు ఏం ముచ్చట్లు మీకు?"

"నా దగ్గు ముచ్చట ఎంతసేపు బిడ్డా? తక్కినదంత ఆమే చెప్తది, నేనింట. ఎంతసేపూ పెనిమిటి ముచ్చటనే. ఆయన కాకరకాయ ముట్టడట. నిద్రల నవ్వుతడట. ఏడుంటడు బిడ్డా నీ మొగడు అంటే, శాన దూరముంటడవ్వా అన్నది. దుబాయిలనా అంటే ఊకున్నది పాపం."

అంతమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వెవరు బిడ్డా? లోపల కిరాయికున్నవా?"

ఎల్లేశ్ బెంచి అంచు వదిలి, ఆమె పక్కన, తన వంతు కోసం కూర్చున్నాడు.