సున్నం మానని అన్న

"ముందు ఆ నోట్లది ఉమ్మేసి రా," అన్నాడు అశోక్‌కుమార్, దవాఖాన గేటు దగ్గర స్కూటర్ ఆపుతూ.

అన్న దశరథ పక్కకు పోయి పాన్ ఉమ్మేసి వచ్చాడు. పొద్దున్నే పానగల్ నుంచి వచ్చి "దవాఖాన దాకా జర తోడు రా తమ్మీ" అని కూర్చుంటే, అశోక్‌కుమార్‌కు ఆఫీసుకు సెలవు పెట్టక తప్పలేదు. రెండేళ్లుగా అతను అన్న గడప తొక్కలేదు, ఫోన్ ఎత్తలేదు. మగ్గం గుంటలో బతుకు వెళ్లదీసేవాడితో తనకు మాటలేమిటి? అన్న గుండె కవాటానికి సున్నం పట్టిందని పోయినేడు ఎవరో చెప్పినా పలకరించలేదు. ఇప్పుడు ఆపరేషన్ దాకా వచ్చి ఉంటుంది, తన మెడకు చుట్టుకుంటున్నాడు. నలభై ఏళ్లు ఆకుకు సున్నం రాసుకుని నమిలితే పట్టదా మరి!

తను అలాంటి మొద్దు కాదు. ఆ కబురు విన్నరోజే ఇంట్లో సున్నపు డబ్బా పారేయించాడు. బోరునీళ్లలో సున్నం ఉంటుందని క్యాన్ నీళ్లు తెప్పిస్తున్నాడు. బీపీ మాత్రలు వేసుకోమని, సిగరెట్లు మానమని భార్య స్వర్ణలత పోరుతుంటే, వాటికీ సున్నానికీ ఏం సంబంధమని కసురుకున్నాడు.

రెండో అంతస్తుకు ఎక్కుతుంటే అశోక్‌కుమార్‌కు ఆయాసం వచ్చింది. దశరథ మెట్టు మీద ఆగి, నిమ్మళంగా ఎక్కుదామన్నాడు.

"నీ ఎంబడి తిరిగితే మంచోనికి గూడ రోగమొస్తది," అని విసుక్కున్నాడు అశోక్‌కుమార్.

లోపల డాక్టర్ మనీష నోరు తెరవకముందే అందుకున్నాడు. "మా అన్నకు సదువు లేదు మేడం. సున్నం తినకంటే ఇనడు. మీరు ఆపరేషన్ చేసినా మళ్ల గదే తింటడు."

పాన్‌లో సున్నం గుండెకు చేరదని చెప్పిందామె. రక్తంలో ఉండే కాల్షియమే ఏళ్ల తరబడి కవాటం మీద గట్టిపడుతుందట. వయసుతో అది పెరుగుతుంది. బీపీ, షుగర్, కొవ్వు, పొగతాగడం దాన్ని తొందరపెడతాయి. అవి అదుపులో పెట్టుకోవడమే మన చేతిలో ఉన్నది.

"మూడు రేకులుండాల్సిన కవాటం కొందరికి పుట్టుకతోనే రెండు రేకులతో ఉంటుంది. వాళ్లకు ఇంకా ముందే గట్టిపడుతుంది. ఈయనది అలాంటిదే."

అశోక్‌కుమార్ నవ్వాడు. "ఇన్నవా? పుట్టుకతోనే నువ్వు సగం సరుకువి."

దశరథ తల వంచుకున్నాడు. డాక్టర్ పరీక్ష చీటీని అశోక్‌కుమార్ ముందుకు జరిపింది.

"ఈయన ఆపరేషన్ పోయినేడే అయింది, తోడబుట్టినవాళ్లకూ ఉండొచ్చని ఇవాళ మిమ్మల్ని తీసుకొచ్చాడు."