మెత్తటి ఇసుక వద్దన్న గుర్రం

“గిట్ట గిట్టకు గజ్జె కట్టి గట్టు దాటవే చిన్నీ...” అమ్మ పాడిన పాట గవ్వకి అంతవరకే గుర్తుంది. గవ్వ ఓ తెల్లటి ఆడగుర్రం. పరుగులో ముందుకాలి గిట్ట వెనక నరం సాగి, పాపం, చాన్నాళ్లు ఏటి చన్నీళ్లలో కాలుపెట్టి నిలబడింది. వాపు తీసింది, నొప్పీ పోయింది.

“ఇంకేం, ఇసుకలో ఉరుకు! పరుపులా మెత్తగా ఉంటుంది” అన్నాడు మందపెద్ద మబ్బయ్య.

“నొప్పి పోగానే నరం అతికినట్టు కాదు మామా. ఇసుకలో గిట్ట దిగబడితే మళ్లీ సాగుతుంది. మా అమ్మ అలాగే ఉరికి, జన్మంతా కుంటింది. నేను గట్టినేల మీద నడుస్తాను.”

“నడిచే గుర్రానికి నా మందలో చోటు లేదు!”

“అయితే ఆ చోటు నువ్వే ఉంచుకో!”

మందంతా ఇకిలించింది. గవ్వ తల దించలేదు. ఒంటరిగా, మెల్లగా, రోజుకి కాస్త దూరం పెంచుకుంటూ తిన్నగా నడిచింది. ఎండలు పోయి వానలొచ్చాయి, వానలూ వెనకబట్టాయి. ఓ పొద్దున, ఏం చిత్రమో, ఆ కాలు దానంతటదే ఉరికింది! గవ్వ మందని దాటి దూసుకుపోయింది. వెనక నుంచి మబ్బయ్య రొప్పుతూ అరిచాడు:

“ఆగవే గవ్వా, కాలు జాగ్రత్త!”