కండ్లకలక

"కండ్లు నలుపుకోవద్దు భూమికా."

"నలుపుకోలేదమ్మా. దుమ్ము పడింది."

సౌందర్య కూతురి రెప్ప ఎత్తి చూసింది. ఎరుపు లేదు. అయినా భయం పోలేదు.

వచ్చే వారమే పదో తరగతి పరీక్షలు. కూరెకుప్పలో వాళ్ల వీధిలో అప్పుడే నలుగురికి కండ్లకలక. ఇట్లాంటప్పుడు, ఒక్క పూట పిల్లలను గాలి పీల్చుకోనీండి అని సిద్ధేశ్ సారు పిట్టలను చూపించడానికి బండ్రి గడ్డిబీడుకు పిలుచుకొచ్చినాడు. బిడ్డను ఒంటరిగా పంపలేక సౌందర్య కూడా వ్యాన్ ఎక్కింది.

అందరికీ కలిపి ఒకటే దుర్బీను. అది ఒకరి కండ్ల నుంచి ఇంకొకరి కండ్లకు పోయినప్పుడల్లా ఆమె ప్రాణం విలవిల్లాడింది. ప్రతిసారీ కొంగుతో తుడిచి ఇచ్చింది.

"అదిగోమ్మా తీతువు. నేల మీదే గుడ్లు పెట్టింది."

"పరీక్షల ముందర తీతువు మొగం చూసేదేందే? ఇంకే పిట్టా దొరకలేదా?"

పక్కనున్న పిల్లలు నవ్వినారు.

గట్టు దిగి ఒక ఆడమనిషి వచ్చింది. యాభై ఏండ్లుంటాయి. కండ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. నీళ్లు కారుతున్నాయి.

"పాపా, ఒగసారి అది ఇస్తావా? ఆ గూడు చూస్తా."

భూమిక ఇయ్యబోయింది. సౌందర్య చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దులేక్కా, ఏమనుకోవద్దు. బిడ్డకు పరీక్షలుండాయి. ఈ జబ్బు చూస్తేనే అంటుకుంటాదంట."

"చూస్తే ఏం అంటుకోదులే చెల్లీ."

అట్లా అంటూనే ఆమె కొంగు మొగానికి కప్పుకొని వెనక్కి జరిగింది.

"నువ్వే చూసి చెప్పు పాపా. తల్లి గుడ్ల మీద కూర్చునిందా?"

"కూర్చునింది పెద్దమ్మా. కదలడం లేదు."

"అయితే చాల్లే."

రోడ్డు మీద సండూరు బస్సు హారన్ కొట్టింది. ఆమె గబగబా పోయి ఎక్కేసింది.

ఆమె ముట్టకపోయినా, సౌందర్య దుర్బీనును ఇంకోసారి తుడిచింది.

మిట్ట అవతల నుంచి సిద్ధేశ్ సారు మిగతా పిల్లలతో వచ్చినాడు.

"మారెక్క యాడ? దుర్బీనులో గూడు చూపిస్తా, ఈడే ఉండమని చెప్పింటిని."

"ఆ ఎర్రకండ్లామెనా సార్? బస్సెక్కి పోయె. బస్సులో అందరికీ అంటిస్తాది చూడండి."

"అది కండ్లకలక కాదమ్మా, పొగ."

సారు మిట్ట అవతల నల్లగా మాడిన నేల వైపు చెయ్యి చూపించినాడు.

"నిన్న గడ్డి అంటుకుంటే మగోళ్లంతా రోడ్డు మీద నిలబడి చూసినారు, మంట ఈ గూడు దాకా రాకుండా వేపమండలతో కొట్టి ఆర్పింది ఆయమ్మ ఒక్కతే."