చక్కు వెనక

"జడ ముడి వేసుకోమ్మా."

ఆమె ఎత్తిన సమ్మెట దించి చూసింది. షెడ్డు గుమ్మంలో ఎవరో ముసలాయన. చంకలో గుడ్డసంచి.

"ఏం కావాలి?"

"ఏమీ వద్దు. చప్పుడు విని ఆగాను. మిషను దగ్గర జడ వేలాడకూడదు."

చిరాగ్గానే ముడి వేసుకుంది. నాన్న పోయాక ఆమెకి ఇది చెయ్యి, అది చెయ్యకు అన్నవాళ్ళు లేరు. ఆయన చొక్కా ఇంకా మేకుకే వేలాడుతోంది.

ఎదురుగా నాన్న పాత లేత్ మిషను. పనిముక్కని దవడలతో పట్టుకుని తిరిగే చక్కు ముప్పై ఏళ్ళుగా దానికి బిగుసుకుపోయి ఉంది. దవడలు అరిగిపోయాయి. కొత్త చక్కు పెట్టెలోనే ఉంది. పాతది ఊడితేనే కదా!

"ఊడదు చెల్లెమ్మా," అన్నాడు బల్ల మీద కూర్చున్న పాత ఇనుము వ్యాపారి. "సాయంత్రానికల్లా మిషను నా బండెక్కుతుంది, చూస్తూ ఉండు."

"ఊడకపోతే నీది. ఊడితే నాది. అదే కదా మాట!"

మళ్ళీ సమ్మెట ఎత్తింది.

"అలా కొడితే పళ్ళు రాలతాయమ్మా," అన్నాడు ముసలాయన.

"ఎవరికి తాతా? నీకా, మిషనుకా?" నవ్వాడు వ్యాపారి.

"నావి ఎప్పుడో రాలాయి. దాని గేర్లవి కాపాడదాం."

ఆయన లోపలికొచ్చి చక్కు వెనక సందులో సన్నటి నూనె వదిలాడు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. కాసేపు ఆగి బ్లో లాంపుతో చక్కు చుట్టూ సన్నగా సెగ తిప్పాడు. చల్లారనిచ్చాడు. ఊరికే కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావు తాతా?"

"ఆగుతున్నా."

"అది నేను పొద్దుట్నుంచీ చేస్తున్నా!" అని వ్యాపారి గోడ వంక చూశాడు. "అవునూ, ఆ ఫోటోలో పిల్ల నువ్వేనా? ఒక జడ భుజం దాకా ఉంది, ఒకటి చెవి దగ్గరే ఆగిపోయిందేంటి?"

"నాలుగేళ్ళప్పుడు రేకుల కత్తెర దొరికితే నేనే కోసేసుకున్నానట. అమ్మ నెలరోజులు తిట్టిందట."

ముసలాయన ఫోటో వంక చూడకుండా అడిగాడు.

"ఈ చక్కుని ఇంతలా బిగించిందెవడు?"

"అప్పట్లోనే ఎవరో పనివాడు. దవడల్లో కడ్డీ మరిచిపోయి మిషను వేశాడట. అది కింద మిషను బెడ్డుకి అడ్డంపడి చక్కు ఇలా బిగిసిపోయింది. ఇదిగో, సొట్ట. నాన్న చెంప పగలగొట్టి తరిమేశాడు. పోయేదాకా తిట్టేవాడు, చేతకాని వెధవ అని."

"చేతకాని వాడే," అన్నాడు ముసలాయన, సొట్ట మీది నూనె తుడుస్తూ. తర్వాత అడిగాడు. "నీకు పని నేర్పింది నాన్నేనా?"

"ఆయనే. మొదట్లో మిషను దగ్గరికొస్తే కాళ్ళు విరగ్గొడతా అనేవాడు. నీకు ఒక్క గీత పడినా ఇక గుమ్మం తొక్కనివ్వను అనేవాడు. నాకెప్పుడూ ఏమీ కాలేదు. అందుకే నేర్పాడు."

"మంచిది."

"ఈ లేత్ పోతే ఈ షెడ్డులో నాకింకేం లేదు."

"ఇంట్లో ఎవరున్నారు?"

"నేనే. మీకు?"

"నాకూ నేనే."

దవడ కింద చెక్క దిమ్మ పెట్టాడు.

"మిషను బెల్టు వెనక్కి లాగు తల్లీ. ఒక్క ఊపున. నా చేతికి పట్టు లేదు."

లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. వ్యాపారి లేచి నిలబడ్డాడు.

నాలుగోసారి, టక్.

వెంట్రుకవాసి జరిగింది.

ఆమె గట్టిగా నవ్వేసింది. ఆ షెడ్డులో నవ్వు వినిపించి చాలా రోజులైంది.

"ఇక చేత్తో తిప్పితే వచ్చేస్తుంది. కింద చెక్క పలక పెట్టుకో, బరువు," అని ఆయన సంచి అందుకున్నాడు.

"అదేంటి, ఊడ్డం చూసి వెళ్ళండి!"

"చూశానమ్మా." గుమ్మం దగ్గర ఆగాడు. "ముడి విప్పకు."

పలక పెట్టి, మెల్లగా తిప్పి, చక్కుని దించేసరికి పావుగంట పట్టింది.

వెనక, ఇరుసు మెడకి, జిడ్డుతో నల్లబడి ఏదో చుట్టుకుని ఉంది. గోటితో లాగింది.

రిబ్బను. నాలుగైదు చుట్లు. లోపలి మడతలో ఇంకా ఎర్రగానే ఉంది. దాని కొసన జానెడు పసిపిల్ల జడ, ఒకే కోతకి తెగి.

చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి వెళ్ళింది.

వీధిలోకి పరిగెత్తింది. ఆ చివరా ఎవరూ లేరు, ఈ చివరా ఎవరూ లేరు. పిలుద్దామంటే పేరైనా అడగలేదు.

"ఎవరు చెల్లెమ్మా ఆయన?" వెనకే వచ్చాడు వ్యాపారి.

"కడ్డీ మరిచిపోలేదన్నా ఆయన," అంది ఆమె, జడని గుప్పిట్లో పట్టుకుని. "మిషను ఆపడానికి అడ్డం పెట్టాడు."