టీవీ ఎక్కడ పెడతారు?

"పాపకి ఎన్నేళ్ళమ్మా?"

వెనక నుంచి వినబడిన ఆ గొంతుకి ఆమె ఉలిక్కిపడింది.

టీవీల షోరూముకి వచ్చినవాళ్ళు ఎవరైనా టీవీలు చూస్తారు. ఇతను మాత్రం ఆమె చంకలో ఉన్న చిన్నిని చూస్తున్నాడు. మాసిన గడ్డం, నలిగిన చొక్కా, నిద్రలేని కళ్ళు.

"రెండు నిండాయి," అనేసింది గబుక్కున. అన్నాక నాలిక్కరుచుకుంది.

అవతల ఆమె మొగుడు ఈ లోకంలో లేడు. నెల రోజులుగా ఆ మహానుభావుడికి పెద్ద టీవీ తప్ప వేరే ధ్యాస లేదు. ఓఎల్ఈడీనా, క్యూఎల్ఈడీనా? అన్నం కలుపుతూ అదే గొడవ, పళ్ళు తోముతూ అదే గొడవ.

"ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా దానంతటదే వెలుగుతుంది సార్," సేల్స్‌మన్ చెబుతున్నాడు. "ఆరితే పూర్తిగా ఆరిపోతుంది. అందుకే నలుపు అసలైన నలుపులా ఉంటుంది."

"మరి క్యూఎల్ఈడీ?"

"దానికి వెనక లైటుంటుంది సార్. నలుపు కాస్త బూడిదరంగు కొడుతుంది. కానీ పట్టపగలు కిటికీలన్నీ తెరిచిపెట్టినా బొమ్మ వెలవెలబోదు."

"ఓఎల్ఈడీకి మచ్చలు పడతాయంటారే?"

"ఏళ్ళ తరబడి ఒకటే న్యూస్ ఛానల్ పెట్టి ఉంచితే, దాని గుర్తు ఆ మూల ఉండిపోవచ్చు సార్."

మొగుడు భార్య వైపు తిరిగాడు. "ఆ నలుపు చూశావా?"

"నలుపు చూడ్డానికి ఇంత దూరం రావాలా? ఇంట్లో కళ్ళు మూసుకుంటే సరిపోయేదిగా," అంది. మామూలుగా అయితే తన మాటకి తనే నవ్వుకునేది. ఇప్పుడు నవ్వు రాలేదు.

గడ్డం మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు.

"టీవీ ఎక్కడ పెడతారమ్మా? గోడకా, బల్ల మీదా?"

"మీకెందుకు?"

"పాప సొరుగులూ అవీ లాగుతుందా? ఎక్కుతుందా?"

చంక దిగుతానని చిన్ని ఒకటే మారాం. దించిందో లేదో, అతను పాప పక్కనే గొంతుక్కూర్చున్నాడు. నేల నుంచి పాప నెత్తి దాకా గాల్లోనే చేత్తో కొలిచాడు.

ఆమె పాపను లాక్కుని మొగుడి దగ్గరికి పరిగెత్తింది.

"ఏమండీ, ఏదో ఒకటి తీసుకోండి. ముందు ఇక్కణ్ణించి పోదాం పదండి. ఆ మనిషి చూపు బాగాలేదు."

"ఆయన్ని పట్టించుకోకండి మేడమ్," అని సేల్స్‌మన్ తల దించుకున్నాడు.

నెల రోజులుగా తేలని పంచాయితీ ఆ క్షణంలో తేలిపోయింది. ఓఎల్ఈడీ గెలిచింది.

మర్నాడు టీవీ వచ్చింది. అద్దె ఇల్లు కదా, గోడకి చిన్న కన్నం పెట్టినా ఇంటి ఓనరు ఒప్పుకోడు. బట్టలు పెట్టుకునే సొరుగుల బల్ల మీదకి ఎక్కించారు. మొగుడు దాన్ని రెండుసార్లు తుడిచి, ఆఫీసుకి వెళ్ళాడు.

కాసేపటికి బెల్లు మోగింది. తలుపుకున్న కంతలోంచి చూసింది. అదే గడ్డం.

ఆమె గబగబా గొళ్ళెం కూడా బిగించింది.

"టీవీ వ్యాను వెనకే వచ్చానమ్మా. ఒక్క నిమిషం తలుపు తియ్యండి."

లోపల చిన్ని కిలకిలా నవ్వింది.

"పాప ఇంట్లోనే ఉందా?" అన్నాడతను.

"దొంగ! పిల్లల్నెత్తుకుపోయేవాడు!" ఇల్లు అదిరిపోయేలా అరిచింది.

పక్కవాళ్ళొచ్చారు. వాచ్‌మన్ వచ్చాడు. తలా ఒక చెయ్యి వేశారు. అతను తిరగబడలేదు. ఏదో చెప్పబోతే ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. చేతిలోని పొట్లం గుమ్మం ముందు పెట్టి, పోలీసుల జీపెక్కాడు.

పొట్లం విప్పితే రెండు గట్టి బెల్టులు, కాసిని మరమేకులు.

వీటితో పాపను కట్టేసేవాడా?

ఇక చిన్నిని ఒక్క అడుగు కూడా కదలనివ్వలేదు. వంట పక్కన పెట్టేసింది. హాల్లోనే కూర్చుని, పాప గౌను కొస పిడికిట్లో పట్టుకునే బట్టలు మడతపెట్టింది.

టీవీలో ఎర్ర చేప ఈదుతోంది. చిన్నికి అది కావాలి. కింది సొరుగు లాగింది, ఎక్కింది. పై సొరుగు లాగింది, అదీ ఎక్కింది.

గౌను కొస బిగుసుకునేసరికి ఆమె తలెత్తింది. బల్ల ముందుకి ఒరుగుతోంది.

ఒక్క గుంజు గుంజింది. తల్లీకూతుళ్ళు వెల్లకిలా పడ్డారు. పాప నిలబడ్డ చోట బల్లా టీవీ కలిసి దభేలుమని కూలాయి.

చిన్నిని గుండెకి అదుముకుని ఎంతసేపు వణికిందో ఆమెకే తెలీదు. అతనికి భయపడకపోయి ఉంటే తను ఈ వేళకి వంటింట్లో ఉండేది.

ఆ బెల్టులు దేన్ని గోడకి కట్టడానికో ఇప్పుడు అర్థమైంది.

వాచ్‌మన్‌ని ఆటో పిలవమంది. స్టేషనుకెళ్ళి అతన్ని విడిపించాలి. కానీ ఎవరని చెప్పాలి? షోరూముకి ఫోన్ చేసింది.

"నిన్నటి గడ్డం మనిషి ఎవరు బాబూ?"

ఫోనెత్తింది నిన్నటి సేల్స్‌మనే.

"నాకు ఈ పని నేర్పింది ఆయనే మేడమ్. మా షాపులో అందరికన్నా ఎక్కువ టీవీలు అమ్మింది ఆయనే."

"మరి ఇప్పుడలా..."

"అంత బాగా అమ్మాడనే ఓనరు ఆయనకి ఒక పెద్ద టీవీ బహుమతిగా ఇచ్చాడు మేడమ్, అప్పటికి ఆయన పాపకి కూడా రెండేళ్ళే."