పిట్టగోడ మీద తెగిన తీగ

ఇంటర్నెట్ తీగను ఎవరో కోసేశారు.

డాబా మీది పిట్టగోడ దగ్గర అమర్నాథ్ ఒంగి చూశాడు. ఆ గోడకు అటువైపు పక్కింటి రాజేశ్వర్ డాబా. వెనక గల్లీలోని స్తంభం నుంచి ఆ డాబా మీదుగా వచ్చిన నల్లటి తీగ, సరిగ్గా గోడ దాటే చోట రెండు ముక్కలై ఉంది.

“ఎలుకనా జగదీశ్?”

లైను చూసే జగదీశ్ తెగిన కొసను వెలుతురుకు పెట్టి చూశాడు. “ఎలుక కొరికితే నలిగినట్టుంటది సార్. కోతి గుంజితే సాగుతది. ఇది ప్లయర్‌తోని ఒక్క పట్టుకు కోసిన్రు.”

“అతకొస్తదా?”

“అర్ధగంట పని. కని అటు దిక్కు తీగ జర వదులు చెయ్యాలె. రాజేశ్వర్ పటేల్ తన డాబా ఎక్కనియ్యాలె. ఇంకో మాట. కోసినోళ్లెవరో తెల్వకుంట అతికితే, మీ ఆట టైముకు మళ్ల కోస్తరు.”

ఆట రేపు పదకొండింటికి. అమర్నాథ్ కూతురు స్నిగ్ధ డిగ్రీ అయినప్పటి నుంచి తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని తుపాకులతో కాల్చుకునే ఒకే ఆట ఆడుతోంది. హైదరాబాద్‌లోని ఒక జట్టు, ఉన్న ఒక్క ఖాళీ కోసం ఎనిమిది మందిని ఆన్‌లైన్‌లో ఆడించి చూస్తోంది. ఇదే ఆఖరు అవకాశం. చోటు రాకపోతే బీఈడీలో చేరాలని, టీచరైన తల్లి శ్యామలతో ఒప్పందం.

ఇంతకు ముందు మూడు జట్ల దగ్గర ఓడిపోయింది. మూడుసార్లూ కారణం ఒక్కటే, నెట్. ఎర్రరాతితో కట్టిన పాత ఇల్లు. కింద హాల్లోని సిగ్నల్ ఆ గోడలు దాటి పైగదికి చేరదు. అమర్నాథ్ మొదట్లో నమ్మలేదు. ఒకరోజు పక్కన కూర్చొని చూశాడు. బొమ్మ కదలకుండా ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి ఆటలోని స్నిగ్ధ మనిషి నేల మీద పడి ఉన్నాడు.

“నేను కాల్చేది ఇప్పుడు, వానికి తాకేది సెకండ్ తర్వాత. ఎట్ల గెలుస్త డాడీ?”

ఆ రోజు నుంచి అది అమర్నాథ్ పంతమైంది. పైగదికి వేరే లైను కావాలన్నాడు. ఇంటి ముందు స్తంభం లేదు. తీగను తన డాబా మీదుగా రానివ్వమని రాజేశ్వర్‌ను బతిమాలాడు. “కందులు ఆరబోస్తం, తీగ కాళ్లకడ్డం పడతది” అంటూ ఆయన వారం రోజులు తిప్పి, చివరికి సరేనన్నాడు. మంగళవారం తీగ పడింది.

గురువారం అన్నాల దగ్గర అమర్నాథ్ అడిగాడు. “స్పీడెట్లున్నది బిడ్డా?”

“మస్తున్నది డాడీ. ఎక్కడ ఆగుతలేదు.”

స్నిగ్ధ తలవంచుకొని తిని లేచిపోయింది. రెండు రోజులు గడిచాయో లేదో, ఈ శనివారం మధ్యాహ్నం తీగ తెగింది.

అమర్నాథ్ గోడ మీంచి కేకేశాడు. రాజేశ్వర్ తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ పైకొచ్చాడు.

“రాజన్నా, తీగెవరు కోసిన్రు?”

“నన్నడుగుతవేంది? గోడకు మీ దిక్కు గూడ ఉన్నది గద.”

“మా ఇంట్ల ఎవరు కోస్తరు? శ్యామల బడికి పోయింది. నేను దుకాణంల ఉన్న. పిల్ల దానిమీదనే పానం పెట్టుకున్నది. మొదట వద్దన్నది నువ్వొక్కనివే.”

“వద్దన్న. తర్వాత సరేనన్న. మాటిచ్చినంక కోసే అలవాటు నాకు లేదు.”

“మరి కోతులు ప్లయర్ కొనుక్కొచ్చినయా?”

జగదీశ్ నవ్వబోయి ఆపుకున్నాడు. రాజేశ్వర్ ముఖం కందిపోయింది.

“అమర్నాథ్, మీరు ఊరికి పోతే ఇరువై ఏండ్ల సంది తాళంచెయ్యి నా దగ్గర పెట్టిపోతున్రు. అప్పుడు లేని దొంగను ఇయ్యాల్టికి అయితినా? నీ తీగ నువ్వు గుంజుకో. నా డాబా మీద దారం పోగు గూడ ఉండద్దు.”

మాటలు విని స్నిగ్ధ మెట్లెక్కి వచ్చింది. నిద్ర లేని కళ్లు. “డాడీ, పెద్దనాయినతోని లొల్లి వద్దు. ఆట పోతే పోనీ.”

“ఎట్ల పోనిస్త? రెండేండ్ల కష్టం నీది.”

రాజేశ్వర్ ఒక్క క్షణం ఆ పిల్లను చూశాడు. పంచె ఎగగట్టి గోడ దాటి వచ్చి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

“ఈ పిల్ల నెత్తి మీద ఒట్టు. నేను కోయలే. మా ఇంట్ల ఎవ్వరు కోయలే.”

అమర్నాథ్‌కు నమ్మక తప్పలేదు. దొంగ ఒట్టు వేసినవాడికి తగలదు, చెయ్యి పెట్టిన తలకు తగులుతుంది. కోర్టులో అబద్ధం చెప్పేవాళ్లు కూడా పిల్లల నెత్తి మీద చెప్పరు.

“ఇగ నీ వంతు,” అన్నాడు రాజేశ్వర్. “మీ ఇంట్ల ఎవ్వరు కోయలేదని నువ్వు గూడ ఒట్టెయ్యి. ఇప్పుడే అతికిపిస్త. రేపు ఆట అయ్యేదాక ఇక్కడ కుర్చేస్కొని నేనే కావలుంట. ఎవడొస్తడో చూస్త.”

“గంతేనా?” అమర్నాథ్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “జగదీశ్, నువ్వు సామాను తియ్యి.”

కూతురికి ఎదురుగా నిలబడి చెయ్యి ఎత్తాడు.

“ఈ బిడ్డ నెత్తి మీద ఒట్టు. మా ఇంట్ల...”

చెయ్యి తలకు తాకక ముందే స్నిగ్ధ ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

“వద్దు డాడీ.”

“ఏమైంది బిడ్డా? నీ కోసమే గద.”

జగదీశ్ సంచిలో పెట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. రాజేశ్వర్ తువ్వాల భుజం మీద వేసుకొని ముఖం అటు తిప్పుకున్నాడు. తండ్రి చెయ్యి వదలకుండా, ఆయన ముఖంలోకి చూడకుండా స్నిగ్ధ అంది:

“నెట్ మంచిగున్నంక గూడ అన్ని ఆటలు ఓడిపోయిన డాడీ, నేనే కోసిన.”