శొంఠి కాఫీకి సాక్ష్యం

మూకుట్లో ధనియాలు వేగాయో మాడాయో రత్నమాలకు తెలియలేదు.

మూకుడు దించి ముక్కు దగ్గర పెట్టుకుంది. పొగకు కళ్ళు మండాయి గాని ముక్కుకు ఏమీ అందలేదు. ధనియాలతో పాటు మిరియాలున్నాయి, దంచిన శొంఠి ఉంది, యాలకులు, ఇంత దాల్చినచెక్క ముక్క. ఇన్ని ఘాటు దినుసులు ఒక్కచోట చేరి కూడా ఉత్త ఇసుక వేయించినట్టే ఉంది. పండుగ కాఫీకి దినుసులు కమ్మటి వాసన కొట్టగానే దించెయ్యాలి. కాస్త ఆలస్యమైతే కాఫీ అంతా చేదెక్కిపోతుంది. ఆ పని ముక్కు చెయ్యాలి గాని కళ్ళు చేస్తాయా, మీరే చెప్పండి.

ఎండాకాలంలో కరోనా వచ్చి తగ్గిన దగ్గరనుంచి ఆమెకు ఇదే వరస. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గ్యాసు వాసన తెలియని మనిషి చేతికి పొయ్యి ఎవరిస్తారు? ఇప్పటికే పప్పులో ఇంగువ ఎక్కువైందని ఒకసారి, నెయ్యి మాడిందని ఒకసారి కోడలు భావన నొప్పించకుండా నవ్వుతూనే అంది. పండుగ వెళ్ళగానే బడంగ్‌పేట్ నుంచి వంటమనిషి వస్తుందని, నీకూ విశ్రాంతిగా ఉంటుందమ్మా అని కొడుకు వినీత్ కబురు చెప్పేశాడు. వంటిల్లు పోయాక ఆ ఇంట్లో తను కూర్చునే చోటేది? ఈ దసరా కాఫీ ఎప్పటిలా కుదిరిందంటే మాత్రం, ఆ వంటమనిషి మనకెందుకురా అని గట్టిగా అనొచ్చు. పాపం, అదీ ఆవిడ ఆశ.

దినుసులు మెత్తగా దంచింది. డికాక్షన్‌లో వేసి ఒక పొంగు రానిచ్చి, పొయ్యి కట్టేసి, బెల్లం కరిగించి, పాలు కలిపింది. చెంచాతో నాలుక మీద వేసుకుంది. వేడిగా ఉంది. అంతకు మించి ఏమీ తెలియలేదు.

భర్త పట్టాభిరామయ్య ఒక గుక్క తాగి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, బాగుందోయ్ అన్నాడు. ఎప్పుడూ ఊదుకుంటూ తాగే కొడుకు మందు తాగినట్టు గటగటా తాగేసి, చాలా బాగుందమ్మా అని గ్లాసు పెట్టేశాడు. కోడలు మొక్కల దగ్గర నిలబడి తాగుతానని పెరట్లోకి వెళ్ళి, వెళ్ళినంత వేగంగా ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చింది. అమోఘం అత్తయ్యా అంది.

ముగ్గురూ మంచి మాటే అన్నారు. రత్నమాలకు ఏడుపొచ్చింది. ఇంట్లో అందరూ మంచివాళ్ళే అయితే, నిజం ఎవర్ని అడగాలి?

అంతలో గేటు చప్పుడైంది. చేపలమ్మే మైసమ్మ వచ్చింది. రాత్రి ఇబ్రహీంపట్నం చెరువులో పడినవీ, నిన్న అమ్ముడుపోక మిగిలినవీ గంపకెత్తుకుని, వీధుల్లోకి పోయే ముందు వీళ్ళ గేటు దగ్గర ఆగి మంచినీళ్ళు తాగి పోతుంది. ఆ ఇంట్లో ఎవరూ చేప ముట్టరు. అయినా ఆమె రోజూ అక్కడే గంప దించుతుంది. కడుపులో మాట దాచుకోలేని మనిషి. మొన్న భావన కొత్త చీర కట్టుకుని ఎదురైతే, గిది కిటికీకి కట్టే గుడ్డ లెక్కుందని ముఖం మీదే అనేసింది.

రత్నమాలకు ప్రాణం లేచొచ్చింది. కాఫీ మళ్ళీ వేడిచేసి, గ్లాసు నిండా పోసి తీసుకెళ్ళింది.

"తాగి ఉన్నమాట చెప్పు మైసమ్మా. మొహమాటం వద్దు."

"నాకేం మొహమాటం అక్కా. బాగలేకుంటె బాగలేదనే అంట."

మైసమ్మ గంప ఆమె కాళ్ళ దగ్గరే దించింది. ఒకసారి ఆమె ముఖంలోకి చూసి, గ్లాసు అందుకుని మెట్టు మీద కూర్చుంది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. రత్నమాల గేటు ఊచ గట్టిగా పట్టుకుని నిలబడింది.

"మస్తున్నదక్కా," అంది మైసమ్మ. "గీ వాసన నీ చేతికే వస్తది. ఉంటె ఇంకింత పొయ్యి."

రత్నమాల అక్కడే మెట్టు మీద కూలబడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఇంట్లో వాళ్ళ దగ్గర దాచినదంతా మైసమ్మ ముందు పెట్టేసింది. వంటమనిషి సంగతి చెప్పింది, పొద్దున మూకుడు ముక్కుకు ఆనించుకున్న సంగతీ చెప్పింది.

"ఎండాకాలం నుంచీ నాకు ఏ వాసనా, ఏ రుచీ తెలియడం లేదే. మల్లెపువ్వూ ఒకటే, మాడిన నెయ్యీ ఒకటే. వాళ్ళ మాట నమ్మలేదు. నువ్వు అబద్ధమాడవు గనక నీ మాట నమ్ముతాను."

మైసమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"ఏ వాసన తెలుస్తలేదా?"

"ఏదీ తెలియడం లేదు."

"నా గంప వాసన గూడనా?"

రత్నమాల తల అడ్డంగా ఊపింది.

మైసమ్మ గ్లాసు పక్కన పెట్టి, గంప మీద కప్పిన తడి గోనెపట్టా సర్దింది.

"నాదీ గదే గతి అక్కా," అంది గొంతు తగ్గించి. "నువ్వు ముక్కుకు కొంగు అడ్డం పెట్టకుంటె చేపలు మంచిగున్నట్టని, ఇన్నొద్దులు నీ మొకం జూసే అమ్ముకుంటున్న."